‘పింగ్ చెయ్యి’ అంటున్నాం కదా, ఇంతకీ ఆ ‘పింగ్’ ఎవరి చప్పుడు?

రవి_కృష్ణలంక · శనివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మా ఇంట్లో మొదలైన ప్రశ్న ఒకటి ఇక్కడికి తెచ్చాను.

నేను హైదరాబాదులో ఇంటి నుంచే పనిచేస్తాను. మా నాన్నగారు విజయవాడ నుంచి వచ్చి నెల రోజులుగా మా దగ్గరే ఉన్నారు. నేను మీటింగుల్లో మాట్లాడేదంతా పక్క కుర్చీలో పేపరు చదువుకుంటూ వింటుంటారు. నిన్న భోజనాల దగ్గర అడిగారు: “పొద్దుట్నుంచి పదిసార్లు అన్నావురా, నేను పింగ్ చేస్తా, మీరు పింగ్ చెయ్యండి అని. ఫోన్ చేస్తానంటే తెలుసు, మెయిల్ పెడతానంటే తెలుసు. ఈ పింగ్ ఏమిటి?” మెసేజ్ పెట్టడం నాన్నా అన్నాను. “మరి మెసేజ్ పెడతాననే అనొచ్చుగా?” అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

ఇంగ్లిషు నిఘంటువు తీస్తే ఇది చప్పుడును అనుకరించే మాట అని ఉంది. 1835 నుంచి అచ్చులో కనిపిస్తోందట, అదీ తుపాకీ గుండు దేనికైనా తగిలినప్పుడు వచ్చే చప్పుడుగా. గుండు చప్పుడు కాస్తా ఆఫీసు మెసేజ్ ఎలా అయింది? తెలిసినవాళ్లు చెప్పండి. నాన్నగారికి చదివి వినిపిస్తాను.

శ్రీను_రూటర్ · శనివారం, రాత్రి 9:34

రవి గారూ, ఇది చప్పుడు కాదండి. పీ, ఐ, ఎన్, జీ అనేవి పొడి అక్షరాలు. ప్యాకెట్ ఇంటర్నెట్ గ్రోపర్ అని దాని పూర్తి పేరు. గ్రోప్ అంటే చీకట్లో తడుముకోవడం. అవతలి కంప్యూటరు పలుకుతోందో లేదో ఒక ప్యాకెట్, అంటే చిన్న డేటా మూట, పంపించి తడిమి చూడటం అన్నమాట. అక్కణ్నుంచే ఆఫీసు మాటల్లోకి వచ్చింది. బీటెక్ మూడో ఏడాదిలో మాకు ఇదే చెప్పారు. నోట్సు ఇప్పటికీ నా దగ్గరుంది.

ఓరుగల్లు_స్వాతి · శనివారం, రాత్రి 9:58

శ్రీను అన్నా, గా ఫుల్‌ఫామ్ తర్వాత అతికిచ్చింది. పేరు ముందొచ్చింది, విస్తరణ ఎనక వచ్చింది.

పింగ్ ప్రోగ్రామ్ రాసినాయన మైక్ మూస్. అమెరికా సైన్యానికి మేరీల్యాండ్ రాష్ట్రంల అబర్డీన్ కాడ బాలిస్టిక్ రీసెర్చ్ ల్యాబొరేటరీ ఉండె, ఆయన అండ్ల పనిచేసెటోడు. 1983 డిసెంబరుల అక్కడి నెట్‌వర్క్ సతాయిస్తుంటే, తప్పు యాడుందో దొరకపట్టనీకి ఒక్క రాత్రిల కూసొని రాసిండు. కాలేజీల ఉన్నప్పుడు సోనార్ (నీళ్లల్ల చప్పుడు పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి దూరం కనుక్కునే పద్ధతి), రాడార్ లెక్కల మీద పనిచేసినోడు కాబట్టి సోనార్ చప్పుడు పేరే దీనికి పెట్టిండు. ఇది పొడి అక్షరాల పేరు కాదు, సోనార్ పోలిక అని తన పేజీల సాఫ్‌గ రాసిండు. గా విస్తరణ డేవిడ్ మిల్స్ అనే ఇంకో నెట్‌వర్క్ శాస్త్రవేత్త చెప్పిండని తనకు ఎవరో చెప్తే విన్నడట, అది గూడ అదే పేజీల ఉన్నది. అసలు ఈ ఆలోచనకు మొదటి నిప్పురవ్వ మిల్స్‌దే. అదే ఏడు జులైల నార్వేల జరిగిన ఒక సమావేశంల, ఎకో ప్యాకెట్లు పంపి అవి తిరిగొచ్చే టైం కొలుస్తున్ననని మిల్స్ చెప్పంగ మూస్ విన్నడు.

ఎకో అన్న మాట సూడుండ్రి. 1981 సెప్టెంబరుల జాన్ పోస్టెల్ రాసిన ఇంటర్నెట్ నియమాల పత్రంల, పోయే సందేశానికి, దానికి జవాబుగ తిరిగొచ్చే సందేశానికి పెట్టిన పేర్లే ‘ఎకో’, ‘ఎకో రిప్లై’. 8వ రకం పోతది, 0వ రకం వస్తది. అంటే ప్రతిధ్వని ముందే ఉన్నది, దాన్ని పుట్టిచ్చే చప్పుడుకు మూస్ పేరు పెట్టిండు.

నాకు మస్తు నచ్చే ముచ్చట ఇంకొకటున్నది. రవి గారు గుండు చప్పుడు అన్నరు గదా. బాలిస్టిక్ ల్యాబ్ అంటేనే తోపు గుండ్లు, తుపాకీ గుండ్లు ఎట్ల ఎగుర్తయో లెక్కలు కట్టే చోటు. ఎనియాక్ కంప్యూటరును కట్టిచ్చుకున్నది గూడ ఈ ల్యాబే, గా లెక్కల కోసమే. గుండు చప్పుడుగ అచ్చులకెక్కిన మాట, నూటా నలభై ఎనిమిదేండ్లకు గుండ్ల లెక్కలు కట్టే ఇంటికే వచ్చింది. నడుమ సముద్రంల మునిగి వచ్చింది, అంతే తేడా.

మూస్ 2000 సంవత్సరంల రోడ్డు ప్రమాదంల పోయిండు. నలభై రెండేండ్లకే. దునియా మొత్తం దినాం కొట్టే కమాండ్ రాసినాయన పేరు మాకు క్లాసుల ఒక్కసారి గూడ చెప్పలే.

శ్రీను_రూటర్ · శనివారం, రాత్రి 10:21

స్వాతి గారూ, చాలా థాంక్సండి. ఇది చదివాక ఒక విషయం గుర్తొచ్చి మనసు బాగోలేదు. క్యాంపస్ సెలక్షన్లలో ఒకచోట మమ్మల్ని నలుగురిని కలిపి కూర్చోబెట్టి పింగ్ అంటే ఏమిటని అడిగారు. నా పక్కనున్న అబ్బాయి “జలాంతర్గామి సోనార్ చప్పుడు సార్” అన్నాడు. తప్పన్నారు. నేను ఫుల్‌ఫామ్ చెప్పాను, వెరీగుడ్ అన్నారు. ఆ రోజు వాడు మళ్లీ నోరు విప్పలేదు. ఇప్పుడు వాడు పుణెలో ఉంటున్నాడు, నంబరు ఉంది. రేపు పొద్దున్నే ఫోన్ చేస్తాను.

సాగరతీరం_విశాఖ · ఆదివారం, ఉదయం 6:15

రవి బాబూ, ముందు మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. నేను నౌకాదళంలో ఉపరితల నౌకల మీద సోనార్ మనిషిగా పనిచేసి రిటైరై విశాఖలోనే ఉంటున్నాను. ఈ మాట చెవిలో మోగుతుండగానే నా ఉద్యోగం గడిచింది.

సినిమాల్లో ‘టీంగ్’ అని ఒక తియ్యటి చప్పుడు వినిపించి ఊరుకుంటారు. హెడ్‌ఫోను పెట్టుకున్నవాడు వినేది అంతే కాదు. నౌక అడుగు నుంచి ధ్వని వెళ్తుంది, అది పింగ్. అది వెళ్లగానే నిశ్శబ్దం రాదు. సముద్రమే కాసేపు మూలుగుతుంది. నీళ్లలోని బుడగలు, చేపలు, అడుగునున్న ఇసుక, పైన అలలు, అన్నీ ఆ ధ్వనిని కొంచెం కొంచెం వెనక్కి విసురుతాయి. గుడిలో గంట కొట్టాక చెయ్యి తీసేసినా మండపంలో హోరు మిగిలినట్టు ఉంటుంది. ఆ హోరు సన్నగిల్లే వేళకి, దాని మధ్యలోంచి ఒక చిన్న ముక్క విడిగా వస్తుంది. అదే ప్రతిధ్వని. కొత్తవాళ్లకి ఆ ముక్క వినపడదు. నాకూ మొదటి మూడు నెలలు వినపడలేదు.

వినపడ్డాక అది రెండు సంగతులు చెబుతుంది. ఒకటి దూరం. ఉప్పునీళ్లలో ధ్వని సెకనుకి సుమారు 1500 మీటర్లు పోతుంది, గాలిలో కంటే నాలుగు రెట్లకు పైనే. ప్రతిధ్వని నాలుగు సెకన్లకు వచ్చిందంటే పోను మూడు కిలోమీటర్లు, రాను మూడు. రెండోది, అవతలిది మన వైపు వస్తోందా, పోతోందా అన్నది. ఆ హోరు కంటే ప్రతిధ్వని శ్రుతి ఒక పిసరు హెచ్చుగా ఉంటే అది మన మీదికి వస్తోంది. తగ్గితే దూరమవుతోంది. రైలు కూత దగ్గరికొచ్చేటప్పుడు ఒకలా, దాటిపోయాక ఒకలా వినిపించినట్టే. మా గురువుగారు దీన్ని మాకు హార్మోనియం మీద రెండు మెట్లు నొక్కి నేర్పారు.

ఇంకొకటి చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధం నాటి పరికరాన్ని బ్రిటిష్‌వాళ్లు ఆస్డిక్ అనేవారు, సోనార్ అమెరికన్లు పెట్టిన పేరు. ఆస్డిక్ నీళ్లలోకి పంపే ధ్వని 14 నుంచి 22 కిలోహెర్ట్జ్ దాకా ఉండేది. అంత సన్నటి ధ్వనిని గంటల తరబడి వింటూ తేడాలు పట్టడం మనిషి చెవికి సాధ్యం కాదు. అందుకని రిసీవరు దాన్ని చెవికి హాయిగా అందే స్థాయికి, వెయ్యి హెర్ట్జ్ దరిదాపులకు దించి వినిపించేది. అంటే మాట పుట్టించిన ఆ ‘పింగ్’ సముద్రం చప్పుడూ కాదు, పూర్తిగా యంత్రం చప్పుడూ కాదు. మనిషి చెవి కోసం కుదిర్చిన చప్పుడు. ఈ అర్థంలో ఇంగ్లిషులో 1943 నుంచి మాట అచ్చులో ఉంది, సరిగ్గా ఆ యుద్ధం నడుమ.

ఆర్కే బీచిలో కుర్సురా జలాంతర్గామిని చూసే ఉంటారు. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించింది, మరుసటేడు నుంచి మ్యూజియం. పిల్లలు లోపలికి వెళ్లి “ఇది పింగ్ కొడుతుందా తాతా?” అని అడుగుతుంటారు. కొట్టగలదు, కానీ కొట్టదు. జలాంతర్గామి పింగ్ కొట్టిందంటే ‘నేను ఇక్కడున్నాను’ అని కేక పెట్టినట్టే. దాని బతుకంతా వినడమే. పింగ్ కొట్టేది మాలాంటి పైనున్న నౌకలు. కొట్టినవాడికి ప్రతిధ్వని వచ్చేలోపే, ఎంతో దూరానున్న జలాంతర్గామికి కొట్టినవాడి ఉనికి తెలిసిపోతుంది.

రవి_కృష్ణలంక · ఆదివారం, ఉదయం 8:40

సార్, నాన్నగారికి మీ పోస్టు రెండుసార్లు చదివాను. గుడి మండపంలో హోరు అన్నచోట ఆపి, మళ్లీ చదవమన్నారు.

గౌతమీతీరం · ఆదివారం, ఉదయం 9:25

చాలా మంచి చర్చ. నేను సంస్కృతోపన్యాసకుడిగా పనిచేశాను కాబట్టి నాకు తెలిసిన వైపు నుంచి రెండు మాటలు.

చప్పుడు నుంచి మాట పుడుతుందా అనే వాదన మన దగ్గర చాలా పాతది. ప్రాచీన పండితుడు యాస్కుడు, పదాల పుట్టుకను వివరించే తన నిరుక్తంలో కాకి గురించి చెబుతూ “కాక ఇతి శబ్దానుకృతిః” అన్నాడు. కా కా అని అరుస్తుంది కాబట్టి కాకం. పక్షుల పేర్లలో ఇది తరచుగా కనిపిస్తుందని కూడా అన్నాడు. ఆ వెంటనే, శబ్దానుకరణమనేదే లేదని ఔపమన్యవుడు అంటాడని ఆయన మతాన్నీ రాశాడు. ఆ మతంలో కాకం అంటే తోలివేయదగినది. పెరట్లో వడియాలు ఎండబెట్టుకున్న ఎవరికైనా ఔపమన్యవుడి బాధ అర్థమవుతుంది గానీ, నేను మాత్రం యాస్కుడి పక్షమే.

గుండు చప్పుడు నుంచి పింగ్ వచ్చిందని చదవగానే నాకు టంకారం గుర్తొచ్చింది. వింటినారిని లాగి వదిలితే వచ్చే చప్పుడు ‘టం’. దానికి ‘కారం’ చేర్చి సంస్కృతం మాట కట్టింది. అదే అచ్చులో పోసినవే ఝంకారం, హుంకారం, ఏనుగు ఘీంకారం. ఆయుధం చప్పుడు ఇక్కడా మాటైంది, అక్కడా మాటైంది. కాకపోతే టంకారం మన కావ్యాల్లో యుద్ధరంగం విడిచి బయటకు రాలేదు. పింగ్ వచ్చింది. కాలి మువ్వను కింకిణి అంటాం, అదీ చప్పుడు మాటే. ‘కిం’, ‘కిణి’ అని రెండుసార్లు పలికితే చాలు, మువ్వ వినపడుతుంది.

కర్నూలు_సుదర్శన్ · ఆదివారం, ఉదయం 10:02

మాస్టారూ, నాదొక సందేహం. చప్పుడును బట్టే మాట పుడితే అన్ని భాషల్లో ఒకే మాట ఉండాల కదా? మన కోడి కొక్కొరోకో అంటాది, ఇంగ్లిషు కోడి కాక్-ఎ-డూడుల్-డూ అంటాది. కోడి ఒకటే. ఔపమన్యవుడు చెప్పిందాంట్లో కూడా న్యాయముందేమో అనిపిస్తాంది నాకు.

పదాలవేట · ఆదివారం, ఉదయం 11:17

సుదర్శన్ గారూ, మంచి ప్రశ్న. భాషాశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను, నాకు అర్థమైనంతలో చెబుతాను.

మాట చప్పుడును రికార్డు చెయ్యదు, తన దగ్గరున్న అక్షరాలతో బొమ్మ గీస్తుంది. ఏ భాష రంగుల పెట్టె దానిదే. ‘పింగ్’ను విడదీసి చూడండి. ముందు ‘ప’, పెదవులు మూసి ఒక్కసారి తెరవడం: దెబ్బ తగిలిన క్షణం. తర్వాత ‘ఇ’, నాలుక పైకి లేచి నోరు ఇరుకై వచ్చే అచ్చు: సన్నటి, హెచ్చు శ్రుతి. చివర ముక్కులోంచి సాగే ‘ఙ్’: దెబ్బ తర్వాత మిగిలే మోత. సాగరతీరం గారు చెప్పిన దెబ్బ, హోరు రెండూ ఆ ఒక్క అక్షరంలో వరసగా ఉన్నాయి.

తెలుగు కూడా ఇదే పని తనదైన పద్ధతిలో చేస్తుంది. మన మాట హల్లుతో ఆగడం ఇష్టపడదు, అందుకని టింగు, ఖంగు అని ఉకారం చేరుస్తాం. ‘ఇ’కీ ‘అ’కీ తేడా మనకూ ఉంది. చిన్న మువ్వలు కిణకిణ, పెద్ద గంట గణగణ. పిల్లలు నవ్వితే కిలకిల, సంత నిండితే కలకల. రెండూ కలిసొస్తే సన్నది ముందు: చిటపట. ఇంగ్లిషులోనూ పింగ్ ముందు, పాంగ్ తర్వాత. చైనావాళ్లు ఆ ఆటను ‘పింగ్‌పాంగ్’ లాంటి ఉచ్చారణతోనే పిలుస్తారు. రాయడానికి సైనికుడు అనే అర్థమున్న ఒక అక్షరం తీసుకుని, ఒకదాంట్లో కుడి కాలు, రెండోదాంట్లో ఎడమ కాలు తీసేశారు. పక్కపక్కన చూస్తే బల్లకు చెరో వైపు నిలబడ్డ ఇద్దరిలా ఉంటాయి.

మన భాష ఇంకో అడుగు ముందుకేసింది. తళతళ, మిలమిల, ధగధగ అంటాం. వీటిలో చప్పుడే లేదు, వెలుగుంది. చురచుర చూపులో ఉంది, జివజివ ఒంట్లో ఉంది. చెవితో మొదలైన పద్ధతిని కంటికీ చర్మానికీ పంచాం. ఈ రకం మాటలు ద్రావిడ భాషల్లోనూ ఆర్య భాషల్లోనూ ఉమ్మడిగా ఉన్నాయని భాషావేత్త మర్రే ఎమెనో 1969లో ఒక వ్యాసంలో విస్తారంగా చూపించాడు.

ఔపమన్యవుడికి కూడా కొంత న్యాయం ఇవ్వాలి, సుదర్శన్ గారు అన్నట్టు. చప్పుడు మాట కాలం గడిచేకొద్దీ తన చప్పుడు పోగొట్టుకుంటుంది. లాటిన్‌లో ‘పీపియో’ అంటే కీచుకీచుమనే పక్షిపిల్ల. పీ పీ అనే కూత అందులో స్పష్టంగా ఉంది. అది ఫ్రెంచిలో నలిగి, ఇంగ్లిషుకు వచ్చేసరికి ‘పిజన్’ అయింది. పిజన్ అన్నప్పుడు ఎవరికైనా కూత వినపడుతుందా?

సభానిర్వాహకుడు · ఆదివారం, మధ్యాహ్నం 12:05

జంతువుల అరుపుల మీద వచ్చిన పదకొండు పోస్టులను వేరే చర్చగా మార్చాను. అవి చాలా బాగున్నాయి, పోగొట్టలేదు. ఇక్కడ పింగ్ మీదే కొనసాగించండి.

భాను_బ్యాక్‌హ్యాండ్ · ఆదివారం, మధ్యాహ్నం 1:30

పింగ్‌పాంగ్ మాట వచ్చింది కాబట్టి నేనూ. చిన్నప్పటి నుంచి విజయవాడలో టేబుల్ టెన్నిస్ ఆడాను, ఇప్పుడు పిల్లలకు నేర్పుతున్నాను.

1900 ప్రాంతంలో ఇంగ్లండులో బ్యాట్లు ఇప్పటిలా ఉండేవి కావు. పొడవాటి పిడి, చట్రం మీద డప్పులా బిగించిన తోలు. సెల్యులాయిడ్ బంతి ఆ తోలుకు తగిలితే ఒక చప్పుడు, బల్లకు తగిలితే ఇంకో చప్పుడు. అక్కడి ఆటసామాన్ల వ్యాపారులు ఆ రెండు చప్పుళ్లనే పేరుగా నమోదు చేసుకున్నారు. పేరు వాళ్ల సొంతం కాబట్టి మిగతావాళ్లు ‘టేబుల్ టెన్నిస్’ అనాల్సి వచ్చింది. 1926లో అంతర్జాతీయ సమాఖ్య కూడా ఆ పేరుతోనే పెట్టారు.

తర్వాత ఆ చప్పుడుకు ఏమైందో అది మన దేశంలోనే జరిగింది. 1952లో బొంబాయిలో ప్రపంచ పోటీలు. జపాన్ నుంచి హిరోజి సతో అనే ఆటగాడు మందపాటి స్పాంజి అంటించిన బ్యాటుతో వచ్చాడు. బంతి తగిలితే చప్పుడే రాలేదు. అప్పటిదాకా అందరూ గట్టి రబ్బరు బ్యాట్ల టక్కు విని, ఎదుటివాడు ఎంత బలంగా కొట్టాడో చెవితో పట్టేవాళ్లు. సతోతో ఆడేటప్పుడు ఆ చెవి పనికిరాలేదు. ఆయన సింగిల్స్ టైటిల్ గెలిచాడు. చప్పుడు పేరు పెట్టుకున్న ఆటను చప్పుడు లేని బ్యాటు గెలిచిన చోటు బొంబాయి.

ఇప్పుడు స్పాంజి మీద రబ్బరు ఉన్న బ్యాట్లతో చప్పుడు మళ్లీ ఉంది, వేరే రకంగా. 2014లో సెల్యులాయిడ్ బదులు ప్లాస్టిక్ బంతులు వచ్చినప్పుడు మా సీనియర్లందరి మొదటి మాట “మోత మారింది” అనే. నేను ఇప్పటికీ కొత్త బంతిని చెవి దగ్గర పెట్టుకుని బల్ల మీద వదిలి వింటాను. సన్నటి పగులుంటే కంటికి కనపడదు, ‘టక్’ కాస్తా ‘చెక్’ అవుతుంది. పక్కన పడేస్తాను.

లలిత_లండన్ · ఆదివారం, సాయంత్రం 4:48

ఇక్కడ ఇంకో అర్థం కూడా వచ్చింది. 2021 జులైలో మేమందరం ఆ మాటతోనే బతికాం. కోవిడ్ సోకినవాళ్ల దగ్గర్లో ఉన్నామని ఫోన్లో ఆరోగ్యశాఖ యాప్ హెచ్చరిస్తే ‘ఐ గాట్ పింగ్డ్’ అనేవాళ్లు. ఒక్క వారంలో 6 లక్షల మందికి పైగా అలాంటి హెచ్చరికలు వెళ్లాయి. షాపుల్లో పనివాళ్లు లేరు, అరలు ఖాళీ. పత్రికలు దానికి ‘పింగ్‌డెమిక్’ అని పేరు పెట్టాయి. మా అబ్బాయి స్కూలు చివరి రోజు ఉత్సవానికి వెళ్లడానికి చొక్కా ఇస్త్రీ చేసుకుని తయారుగా ఉన్నాను. సరిగ్గా బయల్దేరేముందు టింగ్‌మంది ఫోను. పది రోజులు ఇంట్లోనే. వాడు చదివిన పద్యం నేను వినలేదు. ఆ మాట వింటే ఇప్పటికీ కడుపులో తిప్పినట్టవుతుంది.

పదాలవేట · ఆదివారం, సాయంత్రం 6:20

లలిత గారూ, మీ బాధ అర్థమైంది. మీ పోస్టులో మీరు గమనించకుండా రాసిన ఒక మాట దగ్గర నేను ఆగిపోయాను. యాప్ హెచ్చరికను ఇంగ్లిషులో ‘పింగ్డ్’ అని చెప్పారు. అదే క్షణాన్ని తెలుగులో చెప్పేటప్పుడు ‘టింగ్‌మంది ఫోను’ అన్నారు.

ఇది రవి గారి నాన్నగారి ప్రశ్నకు జవాబు అనుకుంటున్నాను. తెలుగులో చప్పుడు మాటకు సహజంగా వచ్చే క్రియ ‘అను’. గిన్నె ఖంగుమంటుంది, అద్దం భళ్లుమంటుంది, తుమ్మెద ఝుమ్మంటుంది, గుండె ఝల్లుమంటుంది. వస్తువు ఏదో అంది, మనం విన్నాం. చప్పుడు ఆ వస్తువు మాట. కానీ ‘పింగ్’ దగ్గరికొచ్చేసరికి ఎవరూ పింగ్‌మన్నాడు అనరు. ‘పింగ్ చేశాడు’ అంటారు. ఫోన్ చేశాడు, మెయిల్ చేశాడు అన్నట్టు. అంటే ఆ మాట మనకు చేరేటప్పటికే చప్పుడుగా లేదు, ఒక పనిగా ఉంది. మనం అరువు తెచ్చుకున్నది పనిని. చప్పుడు కోసం మన టింగు మనకు ఉండనే ఉంది, దాన్ని వదల్లేదు. ఒకే ఫోను, ఒకే క్షణం. చప్పుడుకు తెలుగు మాట, పనికి ఇంగ్లిషు మాట.

నాన్నగారికి ఆ మాట అర్థం కాకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఆయన చెవి పింగ్‌లో చప్పుడు వెతికింది. రవి గారు వాడింది చప్పుడు పోయిన పింగ్‌ను.

గౌతమీతీరం · ఆదివారం, సాయంత్రం 6:52

ఎంత బాగా పట్టుకున్నారండీ! నలభై ఏళ్లు వ్యాకరణం చెప్పాను, ‘అను’కీ ‘చేయు’కీ మధ్య ఈ సరిహద్దు ఎన్నడూ నాకు తట్టలేదు.

ఓరుగల్లు_స్వాతి · ఆదివారం, రాత్రి 8:15

పదాలవేట గారు చెప్పింది నూటికి నూరు నిజం. కానీ పోయిన చప్పుడు ఒక్కసారి తిరిగొచ్చిన కథ కూడ ఉన్నది. మూస్ తన పేజీల రాసుకున్నదే. ఒక నెట్‌వర్క్ అడ్మినిస్ట్రేటర్ దగ్గర కేబుల్ ఒకసారి పనిచేసుడు, ఒకసారి బందయుడు. కనెక్షన్ యాడ వదులైందో దొరకలే. ఆయన పింగ్ ప్రోగ్రామును, మాటలు పలికే ప్రోగ్రాముకు కలిపి, ఆఫీసుల ఉన్న స్టీరియోకు తగిలిచ్చి సౌండు మొత్తం పెంచిండట. జవాబు వచ్చినప్పుడల్లా కంప్యూటరు “పింగ్, పింగ్, పింగ్” అని సెకనుకోపాలి ఒర్రుడు. ఆయన బిల్డింగంత తిరుగుకుంట ఒక్కొక్క కనెక్టరును కదిలిచ్చుకుంట పోయిండు. యాడ కదిలిస్తే కూత ఆగిందో, తప్పు అక్కడ.

నేను డేటా సెంటర్ల పనిచేస్త. సర్వర్లు పేర్చిన రాక్‌ల ఎనక ఉన్నప్పుడు స్క్రీన్ కనవడదు. లినక్సుల పింగ్‌కు హైఫన్ ఏ పెడితే జవాబు వచ్చినప్పుడల్లా బీప్ కొడతది. నేను అది పెట్టి లాప్‌టాప్ నేల మీద వదిలి, ఎనకకు పోయి కేబుల్ మారుస్త. బీప్ మల్ల మొదలైతే పని అయినట్టు. కండ్లతోని కాదు, చెవులతోని చేసే పని.

ఇంకొక లెక్క. మా అన్న డల్లాస్‌ల ఉంటడు. హైదరాబాదు నుంచి సుమారు 14 వేల కిలోమీటర్లు. గాజు తీగల వెలుగు సెకనుకు దగ్గరదగ్గర 2 లక్షల కిలోమీటర్లు పోతది. రాను పోను 28 వేలు, అంటే తీగ సక్కగ ఉన్నా 140 మిల్లీసెకన్లు. తీగలు సముద్రాలు సుట్టుకుంట పోతయి గాబట్టి, నేను కొడితే వచ్చేది 240, 250. సాగరతీరం సార్ నాలుగు సెకన్లకు మూడు కిలోమీటర్లు అన్నరు సూడుండ్రి, గదే లెక్క. నీళ్లు పోయి గాజొచ్చింది, చప్పుడు పోయి వెలుగొచ్చింది. పంపి, ఆగి, తిరిగొచ్చే దాకా సూసుడు మాత్రం మారలే.

సాగరతీరం_విశాఖ · ఆదివారం, రాత్రి 8:50

స్వాతి తల్లీ, ఆ ఆఖరి ముక్కే నేను పొద్దున చెప్పాలనుకుని చెప్పలేకపోయింది. మా దగ్గర పింగ్ కొట్టడం బటన్ నొక్కితే అయిపోతుంది. ఉద్యోగమంతా ఆ తర్వాతి నాలుగు సెకన్లలోనే. ఊపిరి కూడా గట్టిగా తీసుకునేవాళ్లం కాదు. ఈ రోజుల్లో పింగ్ చేశాను అంటే పంపాను అని అర్థం వస్తోంది. మా కాలంలో పింగ్ కొట్టాను అంటే వింటున్నాను అని.

శ్రీను_రూటర్ · ఆదివారం, రాత్రి 9:05

పుణెలో మావాడితో మాట్లాడాను. అరగంట మాట్లాడాడు. ఆ సంగతి వాడికి ఇంకా గుర్తుంది. ఈ చర్చ లింకు పంపమన్నాడు, పంపాను.

రవి_కృష్ణలంక · ఆదివారం, రాత్రి 10:30

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. రాత్రి భోజనాలయ్యాక నాన్నగారికి మొదటి నుంచి చివరిదాకా చదివాను. యాస్కుడి కాకి దగ్గర నవ్వారు. బొంబాయి బ్యాటు దగ్గర “అవునా!” అన్నారు. చివరికి సాగరతీరం గారి మాట, పింగ్ కొట్టడమంటే వినడం అన్నది చదివాక కాసేపు ఏమీ అనలేదు.

తర్వాత అన్నారు: “మీ నాయనమ్మ వేసవిలో కుండ కొనేటప్పుడు చూశావా? నీకు గుర్తుండదు, చిన్నవాడివి. బండి మీద కుండలన్నీ ఒకేలా ఉంటాయి. ఒక్కోదాన్ని ఎడమ అరచేతిలో నిలబెట్టి, కుడి చేత్తో వేలు మడిచి ఒక్కటి కొట్టి, చెవి దగ్గర పెట్టుకునేది. ఖంగుమంటే పక్కన పెట్టేది. బొంగురుగా పలికితే బండి మీదికే. కంటికి కనపడని బీట ఉందని అర్థం. కుమ్మరి కూడా ఏమీ అనేవాడు కాదు, అతనికీ వినపడేది కదా. మీరు కంప్యూటరుకి చేసేది అదేగా?”

అదే నాన్నా అన్నాను.

లేచి వంటింట్లోకి వెళ్లారు. మేము మొన్న సంతలో కొన్న కుండ స్టాండు మీద ఉంది. అందులో నీళ్లు మా ఆవిడ చేత బిందెలోకి వంపించి, కుండను అరచేతిలోకి తీసుకుని వేలు మడిచి కొట్టారు. నన్నూ దగ్గరికి రమ్మన్నారు. నేను విన్నాను గానీ, మంచిదో కాదో నాకు తెలియలేదు. మళ్లీ కొట్టి, “ఇప్పుడు విను, చివర్న సాగుతోందా లేదా?” అన్నారు.

సాగుతోంది. సాగరతీరం గారూ, మీరు చెప్పిన ఆ హోరు, చిన్నదే గానీ, ఉంది.